అమెరికాలో స్కూల్ కౌన్సిలర్ కోర్సు కోసం కడపలో ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 22 వేలు. మా ఆయనకు 38 వేలు. డిగ్రీలో సైకాలజీ చదివాను. పరీక్షల టెన్షన్‌తో పదో తరగతి పిల్లలు స్టాఫ్‌రూం వెనక కూర్చుని ఏడుస్తుంటే చూడలేక స్కూల్ కౌన్సిలర్ కావాలనుకున్నాను. అమెరికాలో ఒక క్రిస్టియన్ యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. ఎర్రముక్కపల్లిలో ఉన్న మా మామగారి ఇల్లు పెట్టి 30 లక్షలు లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. చదువు మానుకోమని కాదు, ఆ ఇంటి మీద ఆ లోన్ మాత్రం వద్దు.

కోర్సు రెండేళ్ళు, తర్వాత ఇంకో ఏడాది దాకా కిస్తీ కట్టక్కర్లేదని బ్యాంకు వాళ్ళు చెప్పే ఉంటారు, కానీ వడ్డీ ఆగదు. ఏటా 15 లక్షల చొప్పున తీసుకుని 11 శాతం వడ్డీ వేసుకున్నా, మొదటి కిస్తీ నాటికి బాకీ 38 లక్షలు దాటుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 52 వేల పైనే. మీ ఇద్దరి జీతం కలిపితే 60 వేలు, మీరు విమానం ఎక్కిన రోజు నుంచి అందులో మీ 22 వేలు ఉండవు.

డాలర్లలో సంపాదించి తీర్చేయొచ్చు అనుకుంటున్నారేమో, అసలు చిక్కు అక్కడే ఉంది. స్కూల్ కౌన్సిలర్‌కి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే లైసెన్స్ ఇస్తుంది. కాక్రెప్ (అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సయితే 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే ప్రాక్టికల్ శిక్షణ), ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్. ఆ గంటలకు చాలాచోట్ల పైసా ఇవ్వరు. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సులకు ఇచ్చే అదనపు 24 నెలలు దీనికి రావు. ఆ ఏడాదిలో లైసెన్స్, ఉద్యోగం, వీసా స్పాన్సర్ చేసే స్కూలు మూడూ కుదరాలి. కుదరక తిరిగొస్తే ఇక్కడ ప్రైవేటు స్కూలు జీతంతో 52 వేల కిస్తీ ఎలా కడతారు? పోయేది పెద్దాయన ఉంటున్న ఇల్లు.

మీరు చూసి బాధపడ్డ స్కూలు పిల్లలు ఉన్నది ఇక్కడే కదా. సీబీఎస్‌ఈ స్కూళ్ళలో కౌన్సిలర్ ఉండాలని బోర్డు నియమమే ఉంది. క్రిస్టియన్ సంస్థలోనే చదవాలని మీకుంటే, బెంగళూరులో సీఎంఐ అనే క్యాథలిక్ సభ ఫాదర్లు నడిపే క్రైస్ట్ యూనివర్సిటీలో సైకాలజీ పీజీ ఉంది, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఖర్చు తగ్గాలంటే తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) చూడండి. డిస్టెన్స్‌లో కానిచ్చేద్దామని మాత్రం అనుకోకండి, 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఎవరైనా అలాంటి డిస్టెన్స్ సీటు ఇస్తామంటే డబ్బు కట్టకండి.

ఫీజు, హాస్టల్ కలిపి 6 లక్షలు లోన్ అనుకుందాం. ఏడున్నర లక్షల లోపు లోన్‌కి మామూలుగా ఆస్తి తాకట్టు అక్కర్లేదు, కాలేజీ పీఎం విద్యాలక్ష్మి (కేంద్రం చదువు లోన్ల పథకం) జాబితాలో ఉంటే హామీదారు కూడా అవసరం లేదు. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే, 10 శాతం మీద ఏడేళ్ళకు కిస్తీ దాదాపు 10 వేలు. ఇది మీ ఆయన జీతంలోంచి కూడా కట్టగలిగిందే.

అమెరికా మీద ఆశ చావకపోతే ఆ యూనివర్సిటీకి ఈ రోజే మెయిల్ పెట్టండి: ఫీజులో ఎంత తగ్గిస్తారు, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పని చేస్తూ చదువుకునే అవకాశం) ఇస్తారా, సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా. జవాబు కాగితం మీద వచ్చేదాకా డిపాజిట్ కట్టొద్దు, ఇంటి దస్తావేజులు బీరువాలోంచి తీయొద్దు.