అబ్బాయి కారు తుప్పు పట్టింది, నా ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి 2018లో రిటైరయ్యాను. పీఎఫ్ పెన్షన్ కొద్దిగానే వస్తుంది. బ్యాంకులో ఉన్న 14 లక్షల ఎఫ్‌డీ వడ్డీ మీదే ఇల్లు గడుస్తోంది. మా అబ్బాయి అమెరికాలో, బఫెలోలో ఉద్యోగం చేస్తున్నాడు. చదువు లోను ఇంకా 16 లక్షలు ఉంది, ఈఎంఐ వాడే కడుతున్నాడు. వాడి 2013 మోడల్ కారు అడుగున తుప్పు పట్టిందట. బ్రేక్ పైపులు, డోర్ల కింద రేకు మార్చడానికి 2,400 డాలర్లు అవుతుందన్నారట. దానికి బదులు 30 వేల డాలర్ల కొత్త కారు కొంటా, డౌన్ పేమెంట్‌కి 6 లక్షలు పంపు నాన్నా అంటున్నాడు. మా ఊళ్లో 20 ఏళ్ల బండికి కూడా అలా చిల్లు పడదు. వాడి మాట నమ్మాలా? ఎఫ్‌డీ తీసి పంపాలా?

జవాబు: వాడి మాట నమ్మండి. ఎఫ్‌డీ మాత్రం తీయకండి.

మీ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతోంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అక్కడి ఎండకు పెయింట్ వెలుస్తుంది, టైర్లు, రబ్బరు బుష్‌లు పగులుతాయి గానీ రేకు తుప్పు పట్టి రాలిపోవడం అరుదు. బఫెలో సంగతి వేరు. ఆ ఊరి పక్కనే ఉన్న ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలి చలికాలమంతా మంచు కుమ్మరిస్తుంది. ఆ మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అమెరికా మొత్తం మీద రోడ్లకు వాడే ఉప్పు ఏడాదికి దాదాపు 2 కోట్ల టన్నులు. కరిగిన ఉప్పునీళ్లు చక్రాల కింది నుంచి ఎగజిమ్మి, రేకుల అతుకుల్లోకి దూరి అక్కడే నిలుస్తాయి. కొన్నిచోట్ల మెగ్నీషియం క్లోరైడ్ లాంటి లవణాలు కూడా వాడతారు. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి ఆ చోటు త్వరగా ఆరదు. అసలే గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగా సాగుతుంది. కాస్త వేడెక్కితేనే వేగం అందుకుంటుంది. అందుకే ఉప్పు కడగకుండా కారును వెచ్చటి గ్యారేజీలో పెడితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇలాంటి తుప్పు రిపేర్లకు అయిదేళ్లలో అమెరికా వాహనదారులు 1,540 కోట్ల డాలర్లు పెట్టారని అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2017లో అంచనా వేసింది.

ఇక డబ్బు లెక్క చూద్దాం. తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. మన మిద్దె ఇళ్లలో గోడకు సున్నం రాలడం వేరు, దూలానికి చెద పట్టడం వేరు. ఎగ్జాస్ట్ పైపు మీద, సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద ఎర్రగా కనిపించే పై తుప్పుకు ఎవరూ కారు మార్చక్కర్లేదు. బ్రేక్ పైపులు ప్రాణానికి సంబంధించినవి, వాయిదా వేయడానికి లేదు. అయినా అది నయమయ్యే జబ్బే. స్టీలు పైపుల బదులు రాగి, నికెల్ కలిసిన పైపులు వేయిస్తే మళ్లీ తుప్పు బెడద ఉండదు. డోర్ల కింద రేకు కూడా కోసి వెల్డింగ్ చేయించుకోవచ్చు. కానీ ఇంజిన్‌ని, సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్ గానీ, చాసీ కమ్మీలు గానీ తినేసి ఉంటే ఆ కారు మీద ఒక్క డాలరు కూడా పెట్టకూడదు. బఫెలో ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలో ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. ఇలాంటి బండి అందులో ఎలాగూ నిలవదు.

ఈ తేడా చెప్పగల మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు, అది మీరే. కారును లిఫ్ట్ మీద ఎక్కించి వీడియో కాల్ చేయమనండి. వెనక చక్రాల దగ్గర సస్పెన్షన్ బిగించిన చోటు, జాకీ పెట్టే చోటు, సబ్‌ఫ్రేమ్ అతుకులు చూపించమనండి. మెకానిక్‌ని అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవమనండి. టంగుమని మోగితే ఇనుము బతికే ఉంది, పెచ్చులుగా రాలి మొన లోపలికి దిగితే పోయినట్టే. ఇంకో మెకానిక్ దగ్గర కూడా ఎస్టిమేట్ తీసుకోమనండి. అమెరికా రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో చాసీ నంబర్ కొడితే ఆ కారుకు ఏదైనా రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం, ఉందేమో తెలుస్తుంది. ఉంటే ఆ రిపేర్ సాధారణంగా ఉచితమే. ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, తుప్పుకు క్లెయిమ్ ఇవ్వరు.

సబ్‌ఫ్రేమ్ గట్టిగా ఉందనుకుందాం. 2,400 డాలర్లు పెట్టి రిపేర్ చేయించి రెండేళ్లు నడిపినా ఏడాదికి 1,200 డాలర్లే పడుతుంది. కొత్త కారైతే, మీ 6 లక్షలు డౌన్ పేమెంట్‌గా పోగా సుమారు 23 వేల డాలర్ల లోను మిగులుతుంది. 8 శాతం వడ్డీకి అయిదేళ్లు అనుకుంటే నెలకు 466 డాలర్లు, అంటే ఏడాదికి దాదాపు 5,600. లోను ఉన్న కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ కూడా చేయించాలి, అది అదనం. పైగా ఆ కొత్త కారూ అదే ఉప్పు రోడ్ల మీదే తిరగాలి. తుప్పుకు కంపెనీలు ఇచ్చే వారంటీ సాధారణంగా రేకు లోపలి నుంచి పూర్తిగా చిల్లు పడితేనే వర్తిస్తుంది, పైపై తుప్పుకు కాదు.

మీ వైపు చూస్తే, 7 శాతం వడ్డీ లెక్కన 6 లక్షల మీద నెలకు వచ్చేది 3,500 రూపాయలు. అది మీ మందులు, కరెంటు బిల్లు, కిరాణా. ఒకసారి పోతే ఈ వయసులో మళ్లీ సంపాదించుకోలేరు. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే బ్యాంకు వడ్డీలో కోత కూడా వేస్తుంది. ఇంకో మాట. చదువు లోనులో మీరు కో అప్లికెంట్ అయ్యుంటారు, కాగితాలు ఒకసారి తీసి చూడండి. అలా అయితే, కారు ఈఎంఐ బరువుకు వాడు చదువు లోను ఈఎంఐ తప్పిన రోజున బ్యాంకు వాళ్లు ఫోన్ చేసేది మీకే, సిబిల్ దెబ్బతినేది మీది కూడా. పిల్లవాడి ప్రాణం కన్నా డబ్బు ఎక్కువా అని ఇంట్లో బాధపడుతుంటే వాళ్లకు ఈ లెక్కే చూపించండి. సబ్‌ఫ్రేమ్ గట్టిగా ఉందని తేలితే బ్రేకులు వెంటనే బాగుచేయించమనండి, అప్పటిదాకా ఆ కారు తీయొద్దని గట్టిగా చెప్పండి. ఆ 2,400 వాడి జీతంలోంచే సర్దుకోవచ్చు.

రిపేర్ అయ్యాక నిర్వహణ ఖర్చు పెద్దదేమీ కాదు. చలికాలంలో చలి కాస్త తగ్గిన రోజు చూసి రెండు వారాలకోసారి అడుగు భాగం కడిగించాలి. ఏటా మంచు మొదలయ్యే ముందు అడుగున నూనె తరహా కోటింగ్ కొట్టించాలి. తుప్పు ఉన్నచోట రబ్బరు కోటింగ్ వేయించవద్దు, దాని కింద తేమ ఇరుక్కుని లోలోపలే తినేస్తుంది.

ఒకవేళ సబ్‌ఫ్రేమ్ పోయిందని తేలితే ఆ కారును తుక్కుకు ఇచ్చేసి, 10 నుంచి 12 వేల డాలర్లలో టెక్సాస్, అరిజోనా లాంటి ఉప్పు వాడకం తక్కువున్న రాష్ట్రాల్లో తిరిగిన సెకండ్ హ్యాండ్ కారు చూడమనండి. బండి ఏ రాష్ట్రాల్లో రిజిస్టరైందో హిస్టరీ రిపోర్టులో ఉంటుంది. వరదలో మునిగిన బండి కాదని కూడా అందులోనే చూసుకోవాలి. అప్పుడు కొంచెం తక్కువైతే లక్ష, లక్షన్నర వరకు సాయం చేయండి. అదీ మొత్తం ఎఫ్‌డీ విరగ్గొట్టి కాదు, దాని మీద బ్యాంకు ఇచ్చే లోను తీసుకుని. ఆ లోను కంతులు వాడు ప్రతి నెలా మీ ఖాతాకు పంపాలని ముందే మాట్లాడుకోండి.