'లోపు' అంటే ఏ రోజు దాకా?

అమ్మలూ,

టెస్టింగ్‌లో నువ్వు పట్టుకుని రాసిన బగ్‌ను (సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని) డెవలపర్ "ఇది బగ్ కాదు" అని తిప్పి పంపాడని నిన్న ఫోన్‌లో బాధపడ్డావు. నాకైతే ఇద్దరిలో ఎవరి తప్పూ కనబడలేదు. స్క్రీన్ మీద "10వ తేదీ లోపు కట్టండి" అని ఉంది. పదిన కట్టినా ఆలస్య రుసుము పడకూడదని నువ్వనుకున్నావు. లోపు అంటే తొమ్మిదితో సరి అని అతననుకున్నాడు. ఇలాంటి చోట ముందు మీ బీఏని, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో క్లయింటు తరఫున తేల్చే బిజినెస్ ఎనలిస్టుని అడగాలి, పదో తేదీ లోపలా బయటా అని. జవాబు మెయిల్‌లో తీసుకో, నోటిమాట పనికిరాదు. అప్పుడు 9, 10, 11 తేదీలతో టెస్టులు రాయి. పదిన రాత్రి 11:59కి కూడా ఒకటి రాయి, సర్వర్ గడియారం ఏ దేశం టైములో నడుస్తోందో ఎవరికి తెలుసు? "అరవై నిండినవారు", "అరవై దాటినవారు" అన్నదీ ఇదే తంటా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజరు "రిగ్రెషన్ అయిందా?" అంటే "అయింది సార్" అన్నాను. నిజానికి నేను చేసింది రీటెస్ట్, అంటే సరిచేసిన బగ్ ఒక్కటే మళ్లీ చూశాను. ఆ సవరణ వల్ల పక్కన ఇంకేమైనా చెడిందా అని చూడటం రిగ్రెషన్. రిలీజైన రాత్రే రసీదుల ప్రింటు ఆగిపోయింది. అబద్ధమాడాలని ఆడలేదు, అయినా తెల్లవార్లూ ఆఫీసులోనే కూర్చున్నాను.

ఇంకోటి. నీ రిపోర్టులో "డెవలపర్ ఎర్రర్" అని రాశానన్నావు. టెస్టర్లకు సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐఎస్‌టీక్యూబీ పదకోశం ప్రకారం మనిషి చేసే పొరపాటు ఎర్రర్, దానివల్ల కోడ్‌లో మిగిలేది డిఫెక్ట్, నడిపినప్పుడు బయటపడేది ఫెయిల్యూర్. నీ కంటికి కనబడింది చివరిదే. కారణం కోడ్‌లో ఉందో, స్పెక్‌లో, అంటే ఏం చేయాలో రాసిచ్చిన పత్రంలో ఉందో నీకింకా తెలీదు. నువ్వు చూసింది రాయి: ఏ తేదీ ఇచ్చావు, ఎంత రుసుము పడింది, ఎంత పడాలనుకున్నావు. అతనికి కోపమొచ్చింది కూడా ఆ మాటకే అయ్యుంటుంది.

క్లయింటు కాల్‌లో "వుయ్ విల్ టెస్ట్" అని వినబడితే, అది మనమా మేమా అని అక్కడే అడిగెయ్. తెలుగులో ఈ బాధ లేదు, ఇంగ్లీషులోనే చిక్కు.

బీఏ పదో తేదీని ఎటు వేశాడో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. తొమ్మిదే అంటాడని నా పందెం. మీ పెద్దమ్మ మాత్రం పది కూడా లోపే అంటోంది, ఆవిడ కరెంటు బిల్లు ఎప్పుడూ ఆఖరి రోజే కడుతుంది మరి.

మీ పెదనాన్న