సిగ్నల్ లేని కూడలిలో ముందు ఎవరు వెళ్లాలి?

సిగ్నల్ గానీ పోలీసు గానీ లేని కూడలిలో, రెండూ ఒకే తరహా రోడ్లయితే, మీ కుడివైపు నుంచి వచ్చే వాహనానికి మీరు దారి ఇవ్వాలి. ఒకటి ప్రధాన రహదారి అయితే దాని మీద వెళ్లేవారిదే మొదటి హక్కు.

మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం కాబట్టి, కూడలిలోకి ప్రవేశించగానే మనం మొదట అడ్డుకునేది కుడివైపు నుంచి వచ్చేవారి దారినే. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మీకు కుడివైపున ఉన్న వ్యక్తికి మీరు ఎడమవైపున ఉంటారు. అందువల్ల ఆ ఇద్దరిలో ఆగవలసింది ఎప్పుడూ ఒక్కరే.

గుంటూరు బ్రాడీపేటలో లైన్లు, అడ్డరోడ్లు గళ్లు గీసినట్లు ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. మీరు లైనులో కారులో వెళ్తుండగా కుడివైపు అడ్డరోడ్డు నుంచి స్కూటర్ వస్తే ఆగవలసింది మీరే. మూలనున్న ప్రహరీ వల్ల ఆ స్కూటర్ చివరి క్షణం దాకా కనిపించకపోవచ్చు. కూడలికి ముందే వేగం తగ్గించాలన్న నిబంధన ఎంతో అవసరమైనది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోపే చిన్న కూడలి దాటిపోతుంది!

ముందుగా హారన్ కొట్టినవారిదో, పెద్ద బండిదో దారి అని చాలామంది నమ్ముతారు. అది పూర్తిగా పొరపాటు. హారన్ హెచ్చరిక మాత్రమే, అది ఏ హక్కూ ఇవ్వదు. దారి హక్కు ఉన్నవారు కూడా వేగం తగ్గించవలసిందే.