ఆకుపచ్చ ట్యూబు కొన్నాళ్ళు పక్కన పెట్టండి

బొమ్మలు వేస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ,

మీరు పంపిన నీటిరంగుల బొమ్మలన్నీ తీరిగ్గా చూశాను. కోటిపల్లి రేవు, సఖినేటిపల్లిలో జనాన్ని ఏరు దాటించే పంటు, కాలవగట్టు మీద కొబ్బరిచెట్లు, ఊడ్పులు, అన్నీ ఉన్నాయి. గీత చాలామందికి బాగా కుదిరింది. ఒక్క లోపం మాత్రం దాదాపు అందరి దగ్గరా కనిపించింది. కొబ్బరాకూ, వరిచేనూ, అరటితోటా అన్నీ ఒకటే పచ్చ! ట్యూబులోంచి తీసిన రంగు తీసినట్టే కాగితమెక్కేసింది. కోనసీమ బొమ్మ వెయ్యడంలో అసలు చిక్కే ఇది. ఎటు చూసినా పచ్చగా ఉంటుంది కాబట్టి పచ్చ పులిమితే పనైపోతుందనిపిస్తుంది. కానీ మనం వెయ్యాల్సింది ఆకు మీద పడ్డ ఎండని. పచ్చదనం దాని వెనకే వస్తుంది.

అందుకని ఒక నెల రోజులపాటు విరిడియన్, శాప్ గ్రీన్ ట్యూబులు ఇంట్లోనే వదిలెయ్యండి. అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ అనే రెండు నీలాలు, లెమన్ ఎల్లో, మట్టిపసుపులా ఉండే ఎల్లో ఓకర్, ఎర్రమట్టి రంగు బర్న్ట్ సియెన్నా చాలు. నారుమడికి లెమన్ ఎల్లోలో ప్రష్యన్ బ్లూ చుక్క పడితే చాలు. పొట్ట మీదున్న, అంటే వెన్ను ఇంకా బయటికి రాని వరికి నీలం పాలు పెంచాలి. చేను రంగు తిరిగే వేళకి ఓకర్ ముందుకొచ్చి పచ్చ వెనక్కి తగ్గుతుంది. మామిడిచెట్టుకి అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపి అందులో కాస్త పసుపు వెయ్యండి. పచ్చ మరీ పచ్చిగా కళ్ళల్లో గుచ్చుకుంటుంటే నలుపు జోలికి పోకండి, బర్న్ట్ సియెన్నా కొంచెం తగిలిస్తే అదే నెమ్మదిస్తుంది. కలిపిన ప్రతి రంగునీ ఒక చిత్తుకాగితం మీద వేసి, పక్కన దేనికోసం కలిపారో రాసుకోండి.

ఆకు మీద వెలుగు ఎటునుంచి పడుతోందో కూడా చూడాలి. పొద్దున పూట సూర్యుడికి ఎదురుగా కూర్చుంటే అరటాకు వెలుగుని తనలోంచి పోనిచ్చి పసుపుపచ్చగా మెరుస్తుంది. అదే ఆకుని సూర్యుడు మీ వెనక ఉన్నప్పుడు చూస్తే నున్నటి పైభాగం మీద ఆకాశం పడి తెల్లటి నీలం కనిపిస్తుంది. ఆకు ఒక్కటే, రంగులు రెండు. బొమ్మ వేస్తున్నంతసేపూ వీటిలో ఏది మీ ముందుందో మర్చిపోకూడదు.

ఇక కొబ్బరిచెట్టు. దీని దగ్గర తొందరపడొద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాను. మీలో చాలామంది మట్టలన్నిటినీ ఒకే పొడవున, గొడుగు ఊచల్లా చుట్టూ వేసేశారు. ఒకరోజు రంగులు ముట్టుకోకుండా ఒక్క చెట్టునే చూడండి. నడినెత్తిన ఇంకా విచ్చుకోని మొవ్వ నిటారుగా ఉంటుంది. దాని చుట్టూ లేతమట్టలు పైకి లేచి కొసల దగ్గర వంగుతాయి. నడిమి మట్టలు అడ్డంగా చాపుకుని ఉంటాయి. ముదురువి కిందికి వాలతాయి. ఎండిపోయిన ఒకటో రెండో మాను పక్కన వేలాడుతుంటాయి. మనవైపు వచ్చిన మట్ట పొట్టిగా కనిపిస్తుంది. దాన్ని పొడుగ్గా వేశారంటే చెట్టు పుస్తకంలో నొక్కిన ఆకైపోతుంది. మట్టల మధ్య కనిపించే ఆకాశం ముక్కల ఆకారాలు ముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్టే. మానుకి గోధుమరంగు వద్దు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా నీళ్ళగా కలిపితే వచ్చే బూడిదరంగుతో ఎండ పడేవైపు పల్చగా, నీడవైపు చిక్కగా వెయ్యండి.

దూరంగా ఉన్న తోటలో మాత్రం ఒక్కో చెట్టూ లెక్కపెట్టి వెయ్యకండి. అదంతా ఒకే రంగు పూత. పై అంచున రెండు మూడు తలలు లేపితే మిగతాది చూసేవాళ్ళ కన్నే పూర్తి చేసుకుంటుంది.

మన నేల చదును. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ విడిపోయాక ఇక ఎత్తులుండవు. కొండల సాయం లేకుండానే లోతు చూపించాలి. దానికి వరసలు ఉపయోగపడతాయి. దగ్గరి చెట్ల వరస ముదురుగా, దాని వెనకది పల్చగా, ఆ వెనకది నీలంలోకి తిరిగి ఆకాశంలో కలిసిపోతున్నట్టు వెయ్యండి. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మంచులో చూస్తే ఈ వరసలు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా మంచి కాలం లేదు.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారి ఈ డెల్టా రూపమే మారిపోయింది. చేలకి నీళ్ళు వాటంతటవే దిగాలి కాబట్టి పెద్ద కాలవల గట్లు చేలకన్నా ఎత్తుగా ఉంటాయి. మనకి అది వరం. గట్టు మీద కూర్చుంటే చేలు పరుచుకుని కనిపిస్తాయి. చేలో నిలబడితే కంటికి ముందు దుబ్బులే అడ్డం. బొమ్మ మొదలుపెట్టే ముందు రెండుచోట్ల నుంచీ చూసి ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోండి. దిగంతపు గీత కాగితానికి సరిగ్గా నడుమ మాత్రం పెట్టకండి. ఆకాశం కోసం వేస్తున్నారా, నేల కోసమా అనేది గీత గీసేలోపే నిర్ణయించుకోవాలి.

రంగు పెట్టేలోపు కళ్ళు చికిలించి చూడడం అలవాటు చేసుకోండి. వివరాలన్నీ పోయి వెలుగు, మధ్యరకం, నీడ మాత్రమే మిగులుతాయి. ఆ మూడింటినే అగ్గిపెట్టెంత పెన్సిల్ బొమ్మలో పెట్టుకోండి. అది బాగుంటే పెద్ద బొమ్మా బాగుంటుంది. అందులోనే తేలిపోతే ఎంత మంచి రంగు వేసినా లాభం లేదు.

నీళ్ళ సంగతి. శ్రావణంలో ఎర్రనీరు వచ్చినప్పుడు గోదావరి అంతా ఎర్రగా వేసేస్తుంటారు. రేవులో నిలబడి మీ కాళ్ళ దగ్గర నీళ్ళు చూడండి, మట్టిరంగే. చూపు మెల్లగా అవతలి గట్టు వైపు తీసుకెళ్ళండి, మట్టి తగ్గి ఆకాశం రంగు పెరుగుతూ పోతుంది. దగ్గర ఓకర్, సియెన్నా, దూరంలో ఆకాశానికి వాడిన రంగే. తడి మీదే ఒకదాంట్లో ఒకటి కలవనివ్వండి. నీళ్ళలో కనిపించే నీడల విషయంలోనూ ఒక మాట. తెల్లటి పడవ నీళ్ళలో పడవకన్నా కొంచెం ముదురుగా కనిపిస్తుంది. నల్లటి పడవ కొంచెం లేతగా కనిపిస్తుంది. ఈ ఒక్కటి పాటిస్తే నీళ్ళు నీళ్ళలా ఉంటాయి.

మన గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో మొదటి పూత ఆరదు, మనకేమో తొందర. అరచేతి వెనకవైపు కాగితానికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ టైములో రెండో పూత పెడితే మరకలు కడుతుంది. ఆరేదాకా పక్క కాగితం మీద ఇంకో బొమ్మ మొదలుపెట్టండి. ఎండాకాలంలో దీనికి పూర్తిగా రివర్స్, పూత ఇట్టే ఆరిపోతుంది, కాబట్టి కాగితం వెనకవైపు కూడా తడిపి బోర్డుకి అంటించుకోండి. రంగుల్లో పొదుపు చేసినా ఫర్వాలేదు, కాగితం మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల మందం) కన్నా తక్కువది కొనకండి.

ఫోటో చూసి వెయ్యడం తప్పు కాదు. కానీ ఫోన్ కెమెరా నీడల్ని నల్లగా ముద్ద చేస్తుంది, ఆకాశాన్ని తెల్లగా తినేస్తుంది. వారానికి ఒక్క గంటైనా గట్టు మీద కూర్చోండి. జనం చుట్టూ మూగుతారని కొందరు టెన్షన్ పడుతున్నారు. వెనక గోడో చెట్టో ఉండేలా కూర్చుంటే చాలా తగ్గుతుంది. వచ్చినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడండి. చేను ఎక్కడ రంగు తిరిగిందో, ఎక్కడ నీరు తక్కువైందో రైతుకి తెలిసినట్టు మనకి తెలియదు.

వయసు, శిక్షణ గురించి బెంగపడేవాళ్ళకి దామెర్ల రామారావు గారి పేరు చెబుతాను. 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే గారు ప్రోత్సహిస్తే బొంబాయిలో బొమ్మలు నేర్పే జేజే స్కూల్లో చదువుకున్నారు. 1925లోనే పోయారు. అంత కొద్ది కాలంలో వేసిన బొమ్మలు ఆయన పేరు మీదున్న రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. బస్సెక్కి వెళ్ళి అసలు బొమ్మల ముందు నిలబడి చూడండి. ఆయనకి దొరికినట్టు మీకూ ప్రోత్సహించే మనిషి కావాలి. అలాంటివాళ్ళు దగ్గర్లో లేకపోతే నాకు పంపుతూ ఉండండి, ప్రతి బొమ్మకీ జవాబు రాస్తాను.

పూర్తయిన బొమ్మల్ని బీరువా అడుగున పడెయ్యకండి, ఒక్క వానాకాలానికే బూజు పట్టేస్తాయి. ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మ చుట్టూ మౌంట్ (మందపాటి అట్ట అంచు) పెట్టించండి, అద్దం కాగితానికి తగలకూడదు. చెమ్మెక్కే గోడకి తగిలించకండి. వెనకవైపు ఊరు, తేదీ, టైము పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో రాస్తే సిరా ఇవతలికి ఊరుతుంది.