“అందరికీ వచ్చేదే” అని మాత్రం అమ్మతో అనకండి

అమ్మకు 47 ఏళ్లు, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది, చిన్న మాటకే కోపం, వెంటనే ఏడుపు, ఇంట్లో ఎలా మసలుకోవాలి అని అడిగారు. నెలసరి ఆగిపోయే దశలో (మెనోపాజ్) నాకు జరిగింది చెబుతాను.

మాది మిర్యాలగూడ. ఇరవై ఏళ్లుగా ఒక రైస్ మిల్లులో పద్దులు రాస్తున్నాను. నాలుగేళ్ల కిందట, నాకు 46 అప్పుడు. యాసంగి వడ్లు దిగుతున్న రోజులు. గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లే. కాంటా గదికి రేకుల కప్పు. లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి నికరం రాయాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన లెక్క అది. ఆ రోజు ఒకే చీటీ మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తప్పే. “అమ్మా, పొద్దుటి నుంచి నిలబడ్డాను” అన్నాడు రైతు. చీటీల పుస్తకం విసిరికొట్టాను. ఆయన వంగి దాన్ని తీసి, అట్ట మీది దుమ్ము అరచేత్తో తుడిచి, బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. అలా తుడుస్తుంటే చూసి నాకు ఏడుపు ఆగలేదు. మెడ వెనక మంట లేచి ముఖమంతా పాకింది. జాకెట్టు తడిసి వీపుకు అతుక్కుపోయింది.

వెనక గోనెసంచుల గుట్ట దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కింద పడిన గింజలు ఊడ్చి చెరిగే పెద్దమ్మ ఒకామె అక్కడ ఉంటుంది. చేట పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. ఏమైందని అడగలేదు. కొంగుతో నా మెడ తుడిచి, “నాకూ ఇలాగే అయింది బిడ్డా, రెండేళ్లు. రాత్రిళ్లు లేచి వాకిట్లో బండ మీద పడుకునేదాన్ని. కోడలిని ఎన్నెన్ని మాటలన్నానో” అంది. అరగంట తన సంగతే చెప్పింది. తర్వాత లేచి వెళ్లి లెక్క సరిచేశాను, ఆ రైతుకు క్షమాపణ చెప్పాను.

అప్పటిదాకా అత్తగారు, అక్క, చివరికి చూపించుకున్న డాక్టరమ్మ కూడా ఒకటే మాట: “అందరికీ వచ్చేదే.” ఆ మాట విన్నాక ఇక ఏం చెప్పుకుంటాం? “నాకూ అయింది” అన్నావిడ దగ్గర మాత్రం అన్నీ చెప్పుకున్నాను. మీ పిన్నో, మేనత్తో, పక్కింటావిడో ఆ దశ దాటినవారు ఉంటే ఒక పూట అమ్మ దగ్గర కూర్చోబెట్టండి. సగం బరువు దిగుతుందని ఖాయంగా చెప్పగలను.

మీ అమ్మగారిది గయ్యాళితనం కాదు. ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒక నెల పెరిగి, ఒక నెల పడిపోతుంటుంది. నిద్రనూ మనసునూ అదే కుదిపేస్తుంది. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే ఆగినట్టు లెక్క. అంతకుముందు దశే ఏళ్ల తరబడి సాగవచ్చు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. “గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది” అని మా వైపు ఎంత తేలిగ్గా అనేస్తారో. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో దేశం మొత్తం మీద అది తీయించుకున్నవారు 3 శాతం పైచిలుకు, తెలంగాణలో దాదాపు 8 శాతం. మా మేనత్త కూతురికి 35 ఏళ్లకే తీసేశారు, ఈస్ట్రోజన్ తయారుచేసే అండాశయాలతో సహా. నేను అంచెలంచెలుగా పడిన బాధ ఆమె మీద ఒక్కసారిగా పడింది. పత్తి ఏరడానికి పోయే మనిషి ఏడాది పాటు మంచం దిగలేదు. దిగులుకు, చెమటలకు ఆపరేషన్ అని ఎవరైనా అంటే రెండో డాక్టరును అడగకుండా ఒప్పుకోకండి.

థైరాయిడ్, రక్తహీనత ఉన్నా ఇలాగే ఉంటుంది, ఆ రక్తపరీక్షలు చేయించండి. 2023 మార్చి 8న మొదలైన తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్య మహిళ క్లినిక్కుల్లో మంగళవారాలు మహిళలకే కేటాయించారు, అందులో మెనోపాజ్ సమస్యలూ ఉన్నాయి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడగండి. అమ్మ నోట బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ ఫోన్ లైన్ టెలి మానస్ 14416కు రాత్రయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు.

మీ నాన్నగారికి ఒక మాట. మా ఇంట్లో ఫ్యాను దగ్గరే రోజూ గొడవ. నాకు పూర్తి వేగం కావాలి, ఆయనకు దుప్పటి కావాలి. రాత్రి రెండింటికి లేచి డాబా మీదికి పోయేదాన్ని. కొన్నాళ్లకు ఒక రాత్రి ఆయన చాప, నీళ్ల చెంబు పట్టుకుని పైకి వచ్చారు. ఏమీ మాట్లాడకుండా పక్కనే పడుకున్నారు. ఆ రాత్రి తెల్లవారే దాకా నిద్రపోయాను.

అమ్మగారి చేత నాకు రాయించండి. కోతలు మొదలయ్యాయి కాబట్టి పగలు తీరిక ఉండదు, రాత్రి జవాబిస్తాను. రెండింటికి ఇప్పటికీ మెలకువ వస్తూనే ఉంది.