లిస్టు నీ చేతికొచ్చినప్పుడు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నీ గొంతు వినగానే అర్థమైంది. మీ ఆయిల్ కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారు, మీ టీములో ఆరుగురి పేర్లు నువ్వే ఇవ్వాలి. మీ రంగమంతా అలాగే ఉంది. 2025 జనవరిలో బీపీ 4,700 ఉద్యోగాలు తీసేస్తామంది. మరుసటి నెలలో షెవ్రాన్ 2026 చివరికల్లా 15 నుంచి 20 శాతం మందిని తగ్గిస్తామంది. తియ్యడం ఆపడం నీ వల్ల కాదు. ఎలా చెప్పాలన్నది మాత్రం నీదే.

నేను మిల్లు టైమాఫీసులో చేసిన రోజుల్లో, ఓ ఏడు సరిగ్గా సిరిమాను పండగ ముందురోజు సాయంత్రం గేటు దగ్గర తీసేసినవాళ్ల లిస్టు అతికించారు. అతికించింది నేనే. షిఫ్టు దిగినవాళ్లు అందరి ముందూ తమ పేర్లు వెతుక్కున్నారు. బంక చేతులతో వెనక్కి తిరిగితే మా వీధి కుర్రాడే నిలబడి ఉన్నాడు. మర్నాడు పైడితల్లమ్మ గుడి దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. పోయినవాళ్ల మాట అటుంచు, మిగిలినవాళ్లకీ పని మీద మనసు పోయింది. మగ్గం ఆగితే ఎవరో చూస్తార్లే అనేవారు. చెయ్యి తిరిగినవాళ్లయితే మానేసి పోయారు. వాళ్లకి బయట పని దొరుకుతుంది కదా.

అందుకని ఆ మాట నువ్వే చెప్పు. మెయిల్లో వద్దు, హెచ్‌ఆర్ మీదకి నెట్టొద్దు. తలుపు వేసి, మొదటి రెండు మాటల్లోనే అసలు సంగతి చెప్పెయ్. పిల్లల చదువులంటూ మొదలెడితే ఎదుటివాడికి టెన్షన్ పెరుగుతుంది. శుక్రవారం సాయంత్రం అసలే వద్దు, రెండు రోజులు ఏం అడగాలన్నా ఎవరూ దొరకరు. నీ బాధ అక్కడ వెళ్లబోసుకోకు, అది మీ ఆవిడకి చెప్పుకో.

లెక్క కాగితం మీద వేసి చేతికివ్వు. గ్రాట్యుటీ అంటే చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. ఆ రెండూ కలిపి 52,000 అయితే పన్నెండేళ్లకి 3,60,000. గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు నిండడానికి కొద్దివారాల దూరంలో ఎవరైనా ఉంటే రిలీవింగ్ తేదీ జరపమని పైవాళ్లతో పోట్లాడు. ఆ మాత్రం పోట్లాటకి నీ ఉద్యోగం పోదులే.

మిగిలినవాళ్లని అదే రోజు కూచోబెట్టు. "ఇంక ఎవర్నీ తియ్యరు కదా సార్?" అంటారు. నీకు తెలీకపోతే తెలీదనే చెప్పు. ఆరుగురి పనీ వీళ్ల నెత్తిన పడుతుంది కాబట్టి ఏ రిపోర్టులు మానెయ్యొచ్చో ఆ రోజే తేల్చు. సేఫ్టీ చెకింగులు, పని పర్మిట్లు మాత్రం తగ్గించనివ్వకు. మనుషులు తక్కువున్న చోటే ప్రమాదాలు.

మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు. పేపర్లో మీ కంపెనీ పేరు చూసి కంగారు పడకముందే నువ్వే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య