ట్రైలర్‌కు లాగే శక్తి ఒక్కటే సరిపోతుందా?
పెద్ద ఎస్‌యూవీ 3,500 కిలోల వరకు లాగగలదని కంపెనీ చెబుతున్నప్పుడు, 2,500 కిలోల క్యారవాన్ ట్రైలర్‌ను హైదరాబాద్ నుంచి శ్రీశైలం తీసుకువెళ్లడానికి సందేహమెందుకని అడిగారు. లాగే శక్తి కంటే ముందు చూడవలసింది బండి మోయగల బరువు. ట్రైలర్ బరువులో సుమారు 10 నుంచి 15 శాతం, అంటే ఇక్కడ 250 నుంచి 375 కిలోలు, హిచ్ (ట్రైలర్‌ను బండి వెనుక తగిలించే కొక్కెం) మీద పడాలి. మనుషులు, సామానుతో పాటు అది కూడా బండి మోసే లెక్కలోకే వస్తుంది కనుక, ఐదుగురు పెద్దలు ఎక్కి డిక్కీ నింపేసరికి పరిమితి సులభంగా దాటిపోవచ్చు. అలాగని సామానంతా ట్రైలర్ వెనుక భాగంలో సర్దడం మరీ ప్రమాదకరం: వేగం పెరిగినప్పుడు ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలుపెట్టి, చివరికి బండినే తిప్పేయగలదు.

కంపెనీ చెప్పే ఆ పెద్ద అంకె సాధారణంగా సొంత బ్రేకులున్న ట్రైలర్‌కే వర్తిస్తుంది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో తక్కువ గేరులో దిగాలి తప్ప, బ్రేకు మీద కాలు ఉంచి దిగకూడదు. బయలుదేరే ముందు నీళ్ల ట్యాంకు నింపి, అందరూ ఎక్కిన తరువాత ధర్మకాంటా మీద తూకం వేయించండి. బ్రోచర్‌లో రాసేది చాలాసార్లు ఖాళీ ట్రైలర్ బరువే.